రోమన్ రాతి చిక్కుముళ్ళు - 7: ఉలి ఆగిన చోటు

జర్మనీ పడమటి అంచున, లక్సెంబర్గ్ సరిహద్దుకు దగ్గరలో, మోసెల్ నది ఒడ్డున ట్రియర్ అనే ఊరుంది. మన పాఠకుల్లో చాలామందికి ఈ పేరు కార్ల్ మార్క్స్ జీవితచరిత్రల్లో తగిలే ఉంటుంది. ఆయన 1818లో పుట్టిందీ, పెరిగిందీ ఇక్కడే. మార్క్స్ కుటుంబం తర్వాత కాపురమున్న ఇల్లు ఒక రోమన్ కట్టడానికి నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ కట్టడం పేరు పోర్టా నీగ్రా, అంటే నల్లద్వారం. ఇది మధ్యయుగాల్లో జనం పెట్టుకున్న పేరు. లేత రంగు ఇసుకరాయి శతాబ్దాల పొగకూ వానకూ నల్లబడింది కాబట్టి ఆ పేరు వచ్చింది. రోమన్లు దీన్ని ఏమని పిలిచారో ఏ రాతా చెప్పదు. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన రోమన్ నగర ద్వారాల్లో ఇంత బాగా నిలిచి ఉన్నది మరొకటి లేదు. అయినా ఇది ఎప్పటిదన్న ప్రశ్నకు పండితులు చెప్పిన జవాబుల మధ్య మూడు వందల ఏళ్ళ తేడా ఉండేది. ఈ తేడా ఎందుకు వచ్చింది, చివరికి ఎలా తీరింది అన్నదే ఈ భాగంలో విషయం.

గత భాగంలో రోమ్ నగరంలోని పాంథియన్ ముఖమండపాన్ని చూశాం. దాని వెనక ఉన్న దిమ్మె మీద, కాస్త పైన, మరో ముక్కోణపు కప్పు గీత ఎందుకుందన్న ప్రశ్నకు డేవీస్, హెమ్సోల్, విల్సన్ జోన్స్ అనే ముగ్గురు పండితులు 1987లో ఒక వివరణ ఇచ్చారు. 50 రోమన్ అడుగుల స్తంభాలతో అనుకున్న మండపాన్ని, అవి అందక, 40 అడుగుల స్తంభాలతో సర్దుకున్నారని వాళ్ళ వాదన. అక్కడి ప్రశ్నే ట్రియర్‌లోనూ ఎదురవుతుంది. కట్టడంలో ఒక పొసగని అంశం కనిపిస్తే, దాన్ని స్థపతి కోరి చేసిన పనిగా చదవాలా, పరిస్థితి తెచ్చిపెట్టిన లోటుగా చదవాలా? పాంథియన్ దగ్గర ఈ ప్రశ్న అందచందాల చర్చగానే మిగిలింది. ట్రియర్ దగ్గర మాత్రం ఒక నగరపు చరిత్రంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

ముందు కట్టడాన్ని చూద్దాం. వెడల్పు 36 మీటర్లు, లోతు 21 మీటర్లకు పైగా, ఎత్తు దాదాపు 30 మీటర్లు. రెండు బురుజులు, వాటి మధ్య పక్కపక్కనే రెండు దారులు. బయటి ద్వారాలు దాటి లోపలికి వస్తే పైన కప్పు లేని చిన్న ఆవరణ, దాని తర్వాత లోపలి ద్వారాలు. బయటి ద్వారం దాటి దూసుకొచ్చిన శత్రువు ఈ ఆవరణలో చిక్కుకుంటే నాలుగు వైపుల నుంచీ పైనుంచి కొట్టవచ్చు. దాదాపు 7,200 రాళ్ళు వాడారు, వాటిలో పెద్దవి ఆరు టన్నుల దాకా ఉంటాయి. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు. ఇనుప బందులు దించి, వాటి చుట్టూ కరిగిన సీసం పోసి బిగించారు. సామ్రాజ్యం పోయాక ఆ ఇనుమూ సీసమూ కోసం జనం రాతి అతుకుల దగ్గర బొక్కలు పెట్టి తవ్వుకుపోయారు. నేడు గోడంతా కనిపించే గుంటలు ఆ తవ్వకాలవే. బందులన్నీ ఊడబెరికినా కట్టడం కూలలేదంటే రాళ్ళ బరువునూ అతుకులనూ ఎంత కచ్చితంగా లెక్కగట్టారో తెలుస్తుంది.

ఇంత కచ్చితంగా కట్టినవాళ్ళు పైమెరుగు విషయంలో మాత్రం ఏమీ పట్టించుకోనట్టు కనిపిస్తుంది. గోడను అంటుకుని వరసగా ఉన్న అర్ధస్తంభాలు గుండ్రంగా, నున్నగా లేవు. ఒక్కో దిమ్మె ఒక్కోలా ఉబ్బి ఉంది. స్తంభాల తలలు చెక్కడానికి సిద్ధం చేసి వదిలేసిన మొద్దు రాళ్ళలాగే ఉన్నాయి. ఈ గరుకుతనాన్ని శైలిగా చదివినవారు రెండు పక్షాలయ్యారు. మొదటి పక్షం దీన్ని రోమ్‌లోని పోర్టా మజ్జోరేతో పోల్చింది. క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 52లో పూర్తిచేసిన జలవాహికలు దారి దాటే చోట కట్టిన తోరణం అది. దాని స్తంభాలు కూడా గరుకు దిమ్మెలే. పైగా ట్రియర్ ద్వారపు నమూనా, అంటే రెండు దారుల పైన వరసగా తోరణాల కిటికీలు ఉండే పద్ధతి, ఫ్రాన్స్‌లోని ఓతున్ నగరంలోనూ ఇటలీలోని తురీన్‌లోనూ తొలి చక్రవర్తుల నాటికే కనిపిస్తుంది. కాబట్టి ఇది మొదటి శతాబ్దానిదని ఆ పక్షం అంది. రెండో పక్షం అదే గరుకుతనంలో దిగజారిన పనితనాన్ని చూసింది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నాలుగో శతాబ్దం మొదట్లో ట్రియర్‌లో కొలువుండి పెద్ద కట్టడాలు కట్టించాడు. కాబట్టి ఇది కూడా ఆయన కాలానిదే అయ్యుండాలని ఆ పక్షం అంది.

ఈ రెండు పక్షాలకూ సాక్ష్యం ఒకటే. ఒకే రాతి ముఖం ఒకరికి మొదటి శతాబ్దపు ఠీవిగా, మరొకరికి నాలుగో శతాబ్దపు అలసత్వంగా కనిపించింది. ఒక ఆధారం రెండు పరస్పర విరుద్ధమైన నిర్ణయాలకు సమానంగా దారితీస్తోందంటే, తప్పు ఆ ఆధారంలో ఉండదు, దాన్ని చదివే పద్ధతిలో ఉంటుంది. నా వాదన ఇదే. పోర్టా నీగ్రా గరుకుతనం శైలి కాదు, మధ్యలో ఆగిపోయిన పని. అలా ఒప్పుకున్న వెంటనే ఆ గరుకుతనానికి కాలం చెప్పే శక్తి పోతుంది. అప్పుడు కాలాన్ని వేరే చోట వెతకక తప్పదు. వెతికినవాళ్ళకు అది దొరికింది.

ఆగిన పని అనడానికి బలమైన సాక్ష్యం ముఖభాగంలో లేదు, దారి పక్కన ఉంది. రోమన్ నగర ద్వారాల తలుపులు కిందా పైనా గుంటల్లో నిలిచి తిరిగేవి. అవి తిరగాలంటే పక్కనున్న రాయి చదునుగా ఉండాలి. పోర్టా నీగ్రా దారుల్లో ఆ పక్క రాళ్ళను చదును చేయలేదు. ఉబ్బెత్తుగా వదిలిన భాగం దారిలోకి పొడుచుకొచ్చి ఉంది. అక్కడ తలుపు రెక్క నిలబెట్టినా తిరగదు. శైలి అనే మాట ఇక్కడ నిలవదు. గరుకు స్తంభం అందం కోసమని ఎవరైనా వాదించవచ్చు. నగర ద్వారానికి తలుపు తిరగకుండా చేయడం అందమని ఎవరూ వాదించలేరు. స్తంభాల మీద ఏ గరుకు రాయి ఉందో తలుపు పక్కనా అదే ఉంది. ఒక చోట అది అసంపూర్తి పని అయితే, మరో చోట అదే రాయి, అదే తీరు శైలి కావడానికి వీల్లేదు.

రోమన్ రాతి పని తీరు తెలిస్తే ఇందులో వింత ఉండదు. గనిలో రాయిని కావలసిన కొలత కంటే కాస్త పెద్దగా కోసేవారు. అతుకుల ముఖాలను మాత్రమే కచ్చితంగా చదును చేసేవారు. బయటి ముఖాన్ని వదిలేసేవారు. దానివల్ల మోసేటప్పుడు, ఎత్తేటప్పుడు అంచులు పగిలినా నష్టం లేదు. గోడంతా లేచాక, సారవల మీద నిలబడి, బయటి ముఖాన్ని ఒకే తలంగా చెక్కుకుంటూ వచ్చేవారు. కాబట్టి అతుకుల కచ్చితత్వం, ముఖాల మొరటుతనం పక్కపక్కనే ఉండటం ఇద్దరు వేర్వేరు పనివాళ్ళ నైపుణ్యం కాదు, ఒకే పనిలోని రెండు దశలు. ట్రియర్ రాళ్ళ మీద పనివాళ్ళు చెక్కుకున్న గుర్తులు, పేర్ల పొట్టి రూపాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో కొన్ని తలకిందులుగా ఉన్నాయంటే, రాయి గోడలో చేరకముందే గనిలో వేసినవన్నమాట. ఎవరి రాయి ఏది, ఎవరికి ఎంత పని లెక్కకట్టాలి అన్నదానికి పనికొచ్చే గుర్తులు అవి. చివరి మెరుగు పెట్టేటప్పుడు ఉలి కింద చెరిగిపోవలసినవి. ఆ ఉలి రాలేదు కాబట్టి పద్దెనిమిది వందల ఏళ్ళ తర్వాత మనం వాటిని చదవగలుగుతున్నాం.

ఇక అభ్యంతరాలు. పోర్టా మజ్జోరే మాటేమిటి, అక్కడ గరుకుతనం కోరి చేసిందే కదా అని అడగవచ్చు. కోరి చేసిందే కావచ్చు, అందుకే ఆ తేడా మనకు ఉపయోగపడుతుంది. అక్కడ కిందిభాగపు గరుకు రాళ్ళ పైన శాసనాలున్న భాగం నున్నగా, పూర్తిగా తీర్చి ఉంది. గరుకుకూ నునుపుకూ మధ్య గీత ఎక్కడ గీయాలో స్థపతి ఎంచుకున్నాడు. కోరి చేసిన గరుకుతనానికి లక్షణం ఇదే. పక్కన నునుపు ఉంటేనే దానికి అర్థం. ట్రియర్‌లో అలాంటి గీత లేదు. స్తంభం, తల, దారి పక్క రాయి అన్నీ ఒకే దశలో నిలిచిపోయాయి. మరో అభ్యంతరం మధ్యయుగపు మార్పుల గురించి. సిరాక్యూస్ నుంచి వచ్చిన సిమియోన్ అనే గ్రీకు సన్యాసి ఈ ద్వారపు తూర్పు బురుజులో తనను తాను మూసుకుని జీవించి 1035లో చనిపోయాడు. ఆయన పేరిట ఆర్చిబిషప్ పొప్పో ఈ ద్వారాన్నే చర్చిగా మార్చాడు. 1804లో నెపోలియన్ వచ్చి చర్చి భాగాలను తీసేసి రోమన్ రూపాన్ని బయటపెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. 1815లో ప్రష్యా చేతికి ఊరు వచ్చాక ఆ పని ముగిసింది. ఇన్ని చేతులు పడిన రాతి ముఖం మీద గరుకుతనం రోమన్లదే అని ఎలా నమ్మాలి? దీనికి జవాబు రాయే ఇస్తుంది. రాతిలో తీయగలరు గానీ చేర్చలేరు. చర్చివాళ్ళు లోపల చెక్కిన బొమ్మలు రోమన్ ముఖంలోకి లోతుగా దిగాయి. ఉబ్బెత్తుగా పైకి ఉన్న భాగం మాత్రం మొదటి నుంచీ ఉన్నదే అయ్యుండాలి.

మన లేపాక్షి వీరభద్ర ఆలయంలో కప్పు లేకుండా నిలిచిన కల్యాణమండపాన్ని చూసి అది కప్పులేని మండపాల శైలి అని ఎవరూ అనరు. పని ఆగిందనే అందరికీ తెలుసు. ఎందుకు ఆగిందో చెప్పడానికి, ఆలయం కట్టించిన విరూపణ్ణ కళ్ళ కథ పుట్టింది. అక్కడ కథ మీద సందేహం ఉండవచ్చు గానీ పని ఆగిందన్న దాని మీద లేదు. ట్రియర్‌లో పండితులు దీనికి తలకిందులుగా నడిచారు. పని ఆగిందన్నదాన్ని పక్కనపెట్టి, ఆ గరుకుతనం చుట్టూ శైలుల కథ అల్లారు.

కాలం సంగతికి వద్దాం. పోర్టా నీగ్రా ఒంటరి కట్టడం కాదు. 6.4 కిలోమీటర్ల నగర గోడకు ఉత్తర ద్వారం. ఆ గోడ దాదాపు 285 హెక్టార్లను చుట్టి ఉంది. కాబట్టి గోడ కాలమే ద్వారం కాలం. గోడ ఉత్తరాన ఒక శ్మశానం మీదుగా వెళ్తుంది. రోమన్లు చనిపోయినవాళ్ళను ఊరి బయటే పాతిపెట్టేవారు. కాబట్టి గోడ వచ్చేనాటికి ఆ సమాధులు ముందే ఉన్నాయి. వాటిలో రెండో శతాబ్దపు సమాధులు ఉన్నాయంటే గోడ మొదటి శతాబ్దానిది కాదు. అటువైపు హద్దు మైన్స్ నగరంలో దొరికిన ఒక శాసనం. సెప్టిమియస్ సెవెరస్, క్లోడియస్ ఆల్బినస్ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో, 196-197 ప్రాంతంలో, ట్రియర్ ముట్టడికి గురైంది. అప్పుడు తమను కాపాడినందుకు 22వ సేనాదళానికి ట్రియర్ ప్రాంతపు ట్రెవరి ప్రజలు కృతజ్ఞతగా వేయించిన శాసనం అది. ముట్టడిని తట్టుకున్న ఊరికి గోడ ఉండి ఉండాలి. శాసనం గోడ పేరెత్తదు కాబట్టి ఒక్కదానిగా ఇది నిర్ణాయకం కాదు. సమాధులతో కలిపి చదివితే కాలం రెండో శతాబ్దపు రెండో సగానికి కుదించుకుపోతుంది.

మిగిలిన పని చెట్టు చేసింది. చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది. వానలున్న ఏడాది వెడల్పుగా, కరువు ఏడాది సన్నగా. ఈ వెడల్పుల వరస ఒక ప్రాంతంలోని ఒకే జాతి చెట్లలో దాదాపు ఒకేలా ఉంటుంది. ఇప్పటి చెట్ల నుంచి పాత ఇళ్ళ దూలాలకు, అక్కడి నుంచి మరింత పాత కొయ్యకు వరసను అతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఒక కాలసూచి తయారవుతుంది. మధ్య యూరప్ ఓక్ చెట్లకు అలాంటి సూచిని తయారుచేసినవారిలో ట్రియర్‌లోనే పనిచేసిన ఎర్న్‌స్ట్ హోల్‌స్టైన్ ముఖ్యుడు. ఆయన పుస్తకం 1980లో వచ్చింది. మోసెల్ మీది రోమన్ వంతెనల కాలాలు ఈ పద్ధతితోనే తేలాయి. నేటికీ వాహనాలు నడిచే వంతెన కింది రాతి స్తంభాలు రెండో శతాబ్దం మధ్యవి. నగర గోడ పునాదిలో దొరికిన కొయ్యను పరీక్షించి, ఆ చెట్టును క్రీ.శ. 169-170 చలికాలంలో నరికారని ట్రియర్ మ్యూజియం 2018 జనవరిలో ప్రకటించింది. బెరడు కింద ఉన్న చివరి వలయం మిగిలితే నరికిన రుతువు దాకా చెప్పవచ్చు.

ఇది గోడ కొయ్య, ద్వారంది కాదు కదా అనవచ్చు. ద్వారాన్ని గోడలో భాగంగానే గీశారు, బురుజుల పక్కలు గోడ మీది నడకదారితో కలుస్తాయి. గోడ లేకుండా ఈ ద్వారానికి అర్థం లేదు. పాత కొయ్యను తర్వాత వాడి ఉండొచ్చు కదా అనవచ్చు. పాతదే అయినా శ్మశానం, మైన్స్ శాసనం వేసిన హద్దుల మధ్యకే ఆ తేదీ వచ్చి పడింది. మూడు వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్ష్యాలు ఒకే చోట కలిశాక అది యాదృచ్ఛికం అనడం కష్టం. కాబట్టి ట్రియర్ గోడ అప్పటి చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ పాలనలో మొదలైంది. మరొకటి కూడా ఇక్కడ కలుస్తుంది. నగర గోడలు, ద్వారాలు కట్టే విషయంలో గవర్నర్ చక్రవర్తిని అడగాలని మార్కస్ ఆజ్ఞ ఇచ్చినట్టు రోమన్ న్యాయ సంకలనం డైజెస్ట్‌లో ఉంది. ఇంత పెద్ద గోడ ఊరివాళ్ళు సొంతంగా తలపెట్టింది అయ్యే వీల్లేదు, చక్రవర్తి ఎరుకలోనే లేచింది.

పని ఎందుకు ఆగింది? 165 నుంచి తూర్పు సైన్యాలతో వచ్చిన మహమ్మారి సామ్రాజ్యమంతా వ్యాపించింది. డాన్యూబ్ మీద మార్కోమాని యుద్ధం మార్కస్ చనిపోయిన 180 దాకా నడిచింది. 170ల తొలిలో ఉత్తర సముద్ర తీరపు చౌకీ తెగవాళ్ళు ట్రియర్ ఉన్న బెల్జికా రాష్ట్రం మీద పడితే, అప్పటి గవర్నర్ డిడియస్ జూలియానస్ వాళ్ళను తరిమాడు. గోడ మొదలవ్వడానికీ మెరుగు ఆగడానికీ ఇవే కారణాలని నా అభిప్రాయం. భయం గోడను త్వరగా లేపమంది, యుద్ధమూ రోగమూ రాతిపనివాళ్ళనూ డబ్బునూ తినేశాయి. రాయి ఎత్తేశాక ద్వారం నిలుస్తుంది, అడ్డుకర్రలు వేస్తే కాపలా కాయవచ్చు. మెరుగు మాత్రం ఆగగలిగిన పని. అందుకే ఆగింది.

కేవలం కాపలా కోసమే అయితే బురుజుల బయటి ముఖం మీద అన్నేసి తోరణాల కిటికీలెందుకు అనేది న్యాయమైన ప్రశ్న. శత్రువు వైపు అంత తెరిచిన గోడ యుద్ధానికి అనుకూలం కాదు. నేననుకునేది, మొదట గీసినప్పుడు ఈ ద్వారం భయానికంటే గొప్పతనానికే ఎక్కువగా ఉద్దేశించింది. మూడు రాష్ట్రాల ఆదాయ వ్యవహారాలు చూసే అధికారి ఉండే ఊరిది, ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళకు మొదట కనిపించే ముఖమిది. అవసరం కోసం మొదలైన గోడకు వైభవం కోసం గీసిన ద్వారం తగిలించారు. కష్టం వచ్చినప్పుడు అవసరమైనంత మిగిలింది, వైభవపు మెరుగు ఆగింది.

నాలుగో శతాబ్దంలో చక్రవర్తులే ఇక్కడ ఉన్నప్పుడు దీన్ని ఎందుకు పూర్తిచేయలేదు? కాన్‌స్టాంటైన్ కాలంలో మొదలైన రాజస్నానశాలలు కూడా స్నానాలకు వాడకంలోకి రాకుండానే ఆగాయి, తర్వాత వేరే పనికి మార్చేశారు. చక్రవర్తి నివాసం ఉన్నంత మాత్రాన ఊరిలో అన్నీ పూర్తవుతాయనుకోవడం మనకున్న అలవాటు, రోమన్ల అనుభవం కాదు. రెండు వందల ఏళ్ళుగా జనం నడుస్తున్న ద్వారానికి సారవలు కట్టి చెక్కించేంత తొందర ఎవరికీ కలగలేదు.

ట్రియర్‌కు వెళ్ళే అవకాశం ఉన్న పాఠకులకు, ముఖ్యంగా జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలకు ఒక మాట. నల్లద్వారం ముందు ఫొటో తీసుకున్నాక దారిలోకి వెళ్ళి, తలుపు నిలవవలసిన చోట పక్క రాయిని చూడండి. అది చదును చేయని రాయి. పండితులు మూడు శతాబ్దాల తేడాతో వాదించిన విషయానికి జవాబు మీ కంటి ఎత్తులో ఉంటుంది. వచ్చే భాగంలో అదే ఊరిలోని కాన్‌స్టాంటైన్ సభామందిరానికి వెళ్దాం. దాని గుండ్రటి చివరి గోడలో కిటికీలను పక్క గోడల కిటికీల కంటే చిన్నవిగా ఎందుకు పెట్టారో, చూసేవాళ్ళ కంటికి ఆ గోడ మరింత దూరంగా అనిపించాలనేనా, అనేది చూద్దాం.